దాటేసిన రెండు వరుసలు

మునియమ్మే కావాలని కారుకు అడ్డం పడిందని వరదమ్మ చెప్పిందట. పాల సొసైటీ దగ్గర, నలుగురు వింటుండగా చెప్పిందట. బీడీలు చుట్టి చుట్టి విసుగెత్తి, మామిడికాయల కాలంలో ఏ ఇల్లు కళకళలాడుతుందో చూసుకుని మరీ పడిందట. ఈ కబురు నాకు చేరవేసింది మా అత్త శారదమ్మ. పాలచెంబు దించుతూ చెప్పింది, నా ముఖంలోకి మాత్రం చూడలేదు.

వరదమ్మ మా పక్కింటావిడ. ఆమెకు కల్పించడం రాదు. విన్నదానికి ఉప్పూ కారం తగిలించడమే వచ్చు. ఆ మాట మొదట ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. మా వసారాలోనే, మా మామ నోట, నా ఎదుట పుట్టింది. దాన్ని కాగితం మీద పెట్టింది నా చెయ్యి.

తమిళనాడు సరిహద్దులో, పరదరామి పక్కన మాకు మామిడితోట ఉంది. నేను చిత్తూరు వైపు నుంచి వచ్చిన కోడలిని. ఈ ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు గానీ చదివేది తమిళం. తెలుగు అక్షరం తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. పెళ్ళిపత్రికలు, సరిహద్దు అవతలి పొలాల కాగితాలు, మామిడి గుజ్జు ఫ్యాక్టరీ వాళ్ళిచ్చే చీటీలు, ఏవి వచ్చినా నా ముందు పెట్టేవాళ్ళు. "మా గౌతమి చదివి చెప్తాది" అని మామ చెంగల్రాయలు వచ్చినవాళ్ళ దగ్గర మురిసిపోయేవాడు. పదేళ్ళుగా నేను ఏది చదివితే ఈ ఇంట్లో అదే రాత. ఆ మురిపెం నాకూ బాగానే ఉండేది.

ఈ ఏడు మే నడిమిలో, తమిళుల వైకాశి నెల మొదటి రోజున గుడియాత్తంలో గంగమ్మ సిరసు తిరునాళ్ళకు పోయాము, నేనూ మా ఆయన బాలాజీనూ. ఏటి ఇసకలో తొక్కిడి చూసి, అమ్మవారి సిరసుకు దండం పెట్టుకుని, మా ఆయన మేనమామ కొడుకు మోహన్‌రాజ్ ఇంటికి భోజనానికి పోయాము. ఆ ఇంట్లో కింద లుంగీల మగ్గాలు, పైన మిద్దె. మగవాళ్ళు మిద్దె మీద కూర్చున్నారు. మగ్గాలు ఆ పొద్దు ఆగి ఉన్నాయి కాబట్టి పైనుంచి నవ్వులూ సీసాల చప్పుడూ స్పష్టంగా వినిపించాయి.

మా ఆయన తాగుబోతు కాడు. ఏడాదికి రెండుసార్లు, మూడుసార్లు, అదీ చుట్టాలు బలవంతం చేస్తే. ఆ రోజు రెండు గ్లాసుల బీరు తాగాడు. కిందికి దిగివచ్చినప్పుడు నడక సరిగ్గానే ఉంది, మాట సరిగ్గానే ఉంది. చెప్పులు కూడా తడుముకోకుండా తొడుక్కున్నాడు. కళ్ళ దగ్గర మాత్రం కొంచెం తీరిక కనిపించింది. ఎక్కడికీ తొందర లేనివాడి కళ్ళు.

నాకు లైసెన్సు ఉంది. పాపను బడికి దింపేది నేనే. "నేను తోలేదా?" అన్నాను. ఒక్కసారే, అదీ మెల్లగా. మోహన్‌రాజ్ వినేశాడు. వినడమే కాదు, మిద్దె మీదివాళ్ళకు వినిపించేలా అందుకున్నాడు.

"ఏమప్పా బాలాజీ, రెండు గ్లాసులకే పెండ్లాం నిన్ను పక్క సీట్లో కూర్చోబెడతా ఉండాదే."

అందరూ నవ్వారు. మా ఆయనా నవ్వాడు. నేనూ నవ్వాను. తాళం ఆయన జేబులోనే ఉండిపోయింది. 

మధ్యాహ్నం మూడు గంటలు. దారి పొడుగునా మామిడికాయల లారీలు. మా ఆయన ఎప్పటికంటే నిదానంగానే తోలాడు. ఈ ఏడు కాయ దిగుబడి గురించీ, మోహన్‌రాజ్ కొత్త మగ్గం గురించీ మాట్లాడుతూనే ఉన్నాడు. బండి ఒక్కచోట కూడా అటూ ఇటూ ఊగలేదు.  ఊరికే భయపడ్డాను అనుకున్నాను.

మా ఊరి మలుపుకు ముందు ఒక చిన్న కల్వర్టు ఉంది. దాని గోడ పక్కగా ఒక ఆడమనిషి మాకు ఎదురుగా నడిచి వస్తోంది, చంకలో బీడీల సంచి.

"అదో, మునియమ్మ వస్తా ఉండాది" అన్నాడు మా ఆయన.

అంటే చూశాడు. పేరుతో సహా చూశాడు. ఎదురుగా ఒక మోటారుసైకిలు వచ్చింది, దానికి దారి ఇద్దామని ఎడమకు జరిగాడు. జరగవలసినదానికంటే జానెడు ఎక్కువ జరిగాడు. కాలు బ్రేకు మీదికి పోయింది, పోవలసినదానికంటే ఒక్క రెప్పపాటు ఆలస్యంగా. అంతే. పెద్ద చప్పుడు కూడా కాలేదు. మునియమ్మ కుడిచెయ్యి కారుకూ కల్వర్టు గోడకూ మధ్య ఉండిపోయింది.

మేము దిగేసరికి ఆమె గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కట్టలు తెగి బీడీలు రోడ్డంతా చెల్లాచెదురు. ఆమె చేతిని చూసుకోవడం లేదు, బీడీలను చూసుకుంటోంది. తొక్కొద్దు నాయనా, తొక్కొద్దు, కంపెనీ వాళ్ళు పనికిరావని కొట్టేస్తారు అంటోంది.

మా ఆయన ముందు మామకు ఫోను చేశాడు. మామ అడిగిన మొదటి మాట ఆమెకు ఎలా ఉందని కాదు, నువ్వు తాగి ఉన్నావా అని. తరువాత ఆయన చెప్పినదంతా నాకు వినబడింది. సర్కారు ఆసుపత్రికి పోతే ఎట్లా తగిలిందని అడుగుతారు, పోలీసులకు రాస్తారు, వాళ్ళొచ్చి ఊదమంటారు. కాబట్టి గుడియాత్తం వద్దు, వేలూరు వద్దు. నేరుగా సరిహద్దు దాటి, ఎముకలకు కట్టు కట్టే ఆయన దగ్గరికి పోండి. మా పక్కల చేయి విరిగినా కాలు విరిగినా మొదట పోయేది అలాంటి కట్టు దగ్గరికే గనుక ఎవరికీ వింతగా తోచదు. మునియమ్మకూ తోచలేదు.

మా ఆయన అప్పుడు తాళం నా చేతిలో పెట్టాడు, నేను అడగకుండానే. తోటగట్టు మీది మామిడిచెట్టు నుంచి రెండు లేతాకులు తుంచి నములుతూ పక్క సీట్లో కూర్చున్నాడు. వెనక సీట్లో మునియమ్మ మూలుగు. నేను బండి తోలాను, చాలా జాగ్రత్తగా.

కట్టు కట్టే ముసలాయన మంచివాడు. మణికట్టు తడిమి, వెదురు దబ్బలు పెట్టి కట్టాడు. తరువాత బొటనవేలూ చూపుడువేలూ ఒకదానికొకటి తగిలించమన్నాడు. మునియమ్మ తగిలించలేకపోయింది. ఆయన ఇంకోసారి అడిగాడు. తరువాత మా ఆయన వైపు తిరిగాడు.

"ఎముక నేను కట్టినాను. ఈ రెండు వేళ్ళు నా చేతిలో పని కాదు. ఈ పొద్దే రాయవేలూరు పెద్దాసుపత్రికి తీసుకోని పోండి."

సరే అన్నాము. తిరిగి వచ్చేటప్పుడు మామ మళ్ళీ ఫోను చేశాడు, రెండు రోజులు చూద్దామన్నాడు. నేను కారును ఇంటివైపే తిప్పాను. చక్రం నా చేతుల్లో ఉండింది. ఎవరూ నా చేతులు పట్టుకోలేదు.

నాలుగో రోజు మామ మునియమ్మను మా వసారాకు పిలిపించాడు. ఆమె కూతురు సుగంతి ఆంబూరు పక్కన చెప్పుల కంపెనీలో పని చేస్తుంది, సెలవు దొరక్క రాలేదు. మునియమ్మ ఒక్కతే వచ్చి, కట్టు కట్టిన చేతిని ఒడిలో పసిబిడ్డలా పెట్టుకుని మెట్టు మీద కూర్చుంది. కుర్చీ వేయించాను. వద్దంది.

మామ నన్ను కాగితం తీసుకురమ్మన్నాడు. తెలుగులో రాయమన్నాడు. తమిళంలో అయితే వాళ్ళ సుగంతికి చదువుకోవడానికి ఉంటుంది కదా మామా అన్నాను. నీకు తమిళం రాయను రాదు గదమ్మా అని మెత్తగా అన్నాడు. నిజమే, రాదు. మా ఆయనకు వచ్చు. ఆయన కాయల గంపలు లెక్క చూడాలని తోటలోకి పోయి ఉన్నాడు.

మామ చెప్పాడు, నేను రాశాను. వైద్యం ఖర్చు అంతా మేమే పెట్టుకుంటాము. చెయ్యి బాగయ్యేదాకా ఇంటికి బియ్యం పంపుతాము. ఆ తరువాత రెండు వరుసలు: "కారు వస్తుండగా నేనే చూసుకోకుండా అడ్డంగా పోయినాను, ఇందులో బాలాజీ తప్పు ఏమీ లేదు. ఇకమీద పోలీసులకు గానీ కోర్టుకు గానీ పోను." ఆ రెండు వరుసలు చెప్పేటప్పుడు మామ నా పక్కకు వచ్చి గొంతు తగ్గించాడు.

తరువాత గొంతు పెంచి, మునియమ్మకు చదివి చెప్పమ్మా అన్నాడు.

నేను చదివాను. వైద్యం చదివాను, బియ్యం చదివాను. ఆ రెండు వరుసల దగ్గరికి వచ్చేసరికి కళ్ళు కిందికి దిగిపోయాయి. తేదీ, ఊరిపేరు చదివాను. చదవొద్దని మామ నాకు చెప్పలేదు. ఆ మాట ఎక్కడ చెప్పవలసి వచ్చినా చెప్తాను. ఆయన చెప్పలేదు.

ఆడవాళ్ళది కుడి వేలు పెట్టించాలనేది మామ లెక్క. కుడిచెయ్యి కట్టులో ఉంది గనుక ఎడమ వేలే పెట్టించాము. మునియమ్మ వేలిని తలకు రాసుకుని తుడుచుకుంది. నువ్వు సదివినావు గదా చిన్నమ్మా, అది చాలు అంది. పోయేటప్పుడు అత్త ఆమెకు పది బంగినపల్లి కాయలు ఇచ్చింది.

రెండు రోజులనేది పదకొండు రోజులయింది. వైద్యం ఖర్చు అన్నాము గానీ వేలూరుకు పోదామని మా ఇంట్లో ఒక్కరూ నోరు తెరవలేదు. ఆ పదకొండు రోజులూ నేను వంట చేశాను, పాపకు జడ వేశాను, గంపల మీద గడ్డి పరిచాను. పన్నెండో రోజు సుగంతి సెలవు పెట్టి వచ్చి, తల్లి వేళ్ళు చూసి, అప్పటికప్పుడు బస్సెక్కించి వేలూరుకు తీసుకుపోయింది. అక్కడి డాక్టరు ఎలా తగిలిందని అడిగితే కారు అని చెప్పింది. వాళ్ళు పుస్తకంలో రాసుకున్నారు. ఆపరేషను చేశారు. మొదటి రోజే వచ్చి ఉంటే నరం అతికేదేమో అన్నారట. ఇప్పుడు చెయ్యి లేస్తుంది, ముద్ద ఎత్తుకోవచ్చు. బొటనవేలూ చూపుడువేలూ మాత్రం కలవవు. ఆ రెండూ కలవకపోతే బీడీ చుట్టలేరు. ముప్పై ఏళ్ళుగా ఆ ఇంట్లో పొయ్యి వెలిగింది ఆ రెండు వేళ్ళ మీదనే.

సుగంతి పోలీసు స్టేషనుకు పోతే మామ అప్పటికే కాగితం చూపించి ఉన్నాడు. రాజీ అయిపోయింది కదమ్మా అని వాళ్ళు సుగంతిని తిప్పి పంపారు. వరదమ్మ నోట ఆ కథ పడింది ఆ వారంలోనే.

జూన్ నడిమిలో, తోతాపురి కోతకు వచ్చిన రోజుల్లో, సుగంతి తోటకు వచ్చింది. నేను పాక కింద కాయలు ఏరుతున్నాను. కూలీలు అన్నాలకు పోయారు. ఆ పిల్లకు ఇరవై రెండేళ్ళు ఉంటాయి. నా ఎదుట ఒక గంప బోర్లించి దాని మీద కూర్చుంది. ఫోను తీసి నా ముందు పెట్టింది. ఫోనులో ఆ కాగితం, స్టేషనులో ఫొటో తీసుకున్నది.

"ఇంకోతూరి చదువక్కా. మొత్తం."

చదివాను. ఈసారి కళ్ళు కిందికి దిగలేదు. గొంతు దిగింది. తేదీ దాకా వచ్చి ఆగాను. సుగంతి ముఖం మారలేదు. నాకు అప్పుడు అర్థమయింది, ఆమెకు ముందే తెలుసు. వేలూరు కోర్టు ఆవరణలో ఉచితంగా న్యాయసహాయం చేసే చోట నివేదిత అనే వకీలమ్మ ఉందట. చిత్తూరులో చదువుకున్న మనిషట. ఆమె కాగితం చదివి, దీన్ని రాసినవాళ్ళు చదువుకున్నవాళ్ళే అందట. ఆ మాట చెప్పి సుగంతి ఆగింది. అదొక్కటే ఆ పిల్ల నన్ను కొట్టిన దెబ్బ.

మిగతాదంతా ఆ పిల్ల నిదానంగా చెప్పింది. వేలిముద్ర వేసినంత మాత్రాన కోర్టు తలుపు మూసుకుపోదట. స్టేషనులో తీసుకోకపోతే పై అధికారికి రాయొచ్చట, రాశారు, ఇప్పుడు కేసు కట్టారు. ప్రమాద నష్టపరిహారానికి వేరే కోర్టు ఉందట, ఆరు నెలల లోపల అర్జీ పెట్టాలట. కారుకు ఇన్సూరెన్సు ఉంది గనుక ముందు ఇవ్వవలసింది ఆ కంపెనీయేనట. తాగి తోలాడని తేలితే కంపెనీ ఆమెకు ఇచ్చేసి తరువాత మా దగ్గర రాబట్టుకోవచ్చునట. రక్తం పరీక్ష ఆ రోజే చేయలేదు గనుక ఎంత తాగాడో ఇప్పుడు ఎవరూ తేల్చలేరు. చట్టం ఒప్పుకునే లెక్కకు లోపలే ఉండి ఉండొచ్చు కూడా. కానీ మనిషిని చూసి కూడా గుద్దాడంటే అది అజాగ్రత్తే, దానికి ఊదే మీటరు అక్కర్లేదు, జరిగింది చూసిన మనిషి చాలు అందట వకీలమ్మ.

"కారులో నువ్వుంటివి గదక్కా" అంది సుగంతి.

 ఒక పండిన కాయ తీసుకుని, పైటతో తుడిచి, మళ్ళీ గంపలో పెట్టేసి లేచి పోయింది.

స్టేషనుకు పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తానని ఆ రాత్రి మా ఆయనకు చెప్పాను.  నేను చూసినాను గదా, దాన్ని చూసినాను గదా అని రెండుసార్లు అన్నాడు. ఆ మాట నాతో అన్నట్టు లేదు. పోవద్దని మాత్రం అనలేదు.

పొద్దున్నే బస్సెక్కి స్టేషనుకు పోయాను. ఎన్ని గ్లాసులో చెప్పాను. తాళం అడిగి ఊరుకున్నానని చెప్పాను. అదో మునియమ్మ అన్న మాట చెప్పాను. కట్టు కట్టిన ఆయన చెప్పింది వినలేదని, ఆ కాగితం నేనే రాశానని, రెండు వరుసలు చదవలేదని చెప్పాను. రాసుకుంటున్నాయన ఆ చివరి దానికి కలం ఆపి, ఎందుకు చదవలేదమ్మా అన్నాడు. దానికి జవాబు నా దగ్గర ఉంది. మా మామ ముందు మంచి కోడలిగా ఉండాలని. ఆ జవాబు చెప్పడానికి సిగ్గేసి, తెలియదు సార్ అన్నాను. అక్కడా ఒక వరుస దాటేశాను.

ఇల్లు మారిపోయింది. మామ నా చేతి కాఫీ మానేశాడు. గుజ్జు ఫ్యాక్టరీ చీటీలు చిత్తూరు రోడ్డు మీది ఒక అంగడికి తీసుకుపోయి చదివించుకుంటున్నాడు. అత్త నాతో అవసరమైనంత మాట్లాడుతుంది, వరదమ్మ మాటలు మోయడం మానేసింది. మా ఆయన కారుకు పట్టా కప్పేశాడు. తోటకు నడిచే పోతాడు. ఆ కల్వర్టు వచ్చేసరికి రోడ్డు దిగి పొలంలో నుంచి పోతాడని పాప చెప్పింది.

కోతలు అయిపోయిన వారం, జూలైలో ఆడి నెల ఇంకా పుట్టకముందు, మామ ఉన్నట్టుండి మునియమ్మ ఇంటికి పోదాం రండి అన్నాడు. నన్నూ మా ఆయననూ ఇద్దరినీ రమ్మన్నాడు. చివరి కోతలో మిగిలిన మంచి కాయలు ఒక గంప ఎత్తించాడు. మా మామ ఆ వీధిలోకి నడిచి పోవడం నేను చూడడం అదే మొదలు.

మునియమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. ఒడిలో చేట ఉంది, చేటలో బీడీ ఆకు, పొగాకు, దారం. ఎడమచేత్తో చుట్టడం నేర్చుకుంటోంది. పక్కన నేల మీద ఆ పొద్దు చుట్టినవి పదో పన్నెండో ఉన్నాయి, అన్నీ వదులుగా, పొట్టలుబ్బి. కంపెనీ వాళ్ళు వాటిని తీసుకోరని ఆమెకూ తెలుసు. సుగంతి లోపల నుంచి వచ్చి వాకిలి పట్టుకుని నిలబడింది.

నేను ముందు మాట్లాడాలనుకున్నాను. దారంతా మాటలు పేర్చుకున్నాను. ఆ రోజు రెండు వరుసలు చదవలేదు, తప్పయింది మునియమ్మా అన్నాను. ఆమె తల ఎత్తకుండానే, నీ గొంతు ఆడ తడబడె గదమ్మా, నాకు అప్పుడే తెలిసింది అంది. తెలిసీ వేలు ఎందుకు పెట్టావని నేను అడగలేదు. ఏడాదికి రెండు నెలలు ఆమెకు మా తోటలో కూలి ఉంటుంది.

మామ గంప దించి, నిలబడే మాట్లాడాడు. కేసు తీసేయమని తాను అడగడం లేదన్నాడు. కోర్టు ఏమి ఇప్పిస్తే అది తీసుకో, నేను అడ్డం రాను అన్నాడు. ఒక్కటి మాత్రం చెయ్యమన్నాడు. అర్జీలో తాగి తోలాడనే మాట ఉందట, అది తీసేస్తే చాలట. ఇన్సూరెన్సు కంపెనీ తిరిగి మా మీదికి వస్తుందని కాదట, పేరు పోతుందని. భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. అంత పెద్దమనిషి అలా నిలబడడం చూసి నాకు జాలి వేసింది, వేసినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

"మావాడు తాగుబోతు కాదు మునియమ్మా. ఊరంతా ఎరుగు. నువ్వూ ఎరుగుదువు. ఆ పొద్దు రెండే రెండు గ్లాసులు. బండి ఒక్క జానెడు వంకర పోలేదంట, ఇదో గౌతమే చెప్పింది."

మునియమ్మ దారం కొసను పళ్ళతో పట్టుకుని ఎడమచేత్తో బిగించబోయింది. బీడీ విడిపోయి పొగాకు ఒడిలో రాలింది. ఆమె దాన్ని దులుపుకోలేదు. మా ఆయన వైపు చూసింది.

"తాగుబోతోడి బండి అయితే అల్లంత దూరం నుంచే ఊగతా వస్తాది నాయనా, చూసి చేలోకి దూకేస్తాము. నీ బండి చక్కంగా వచ్చె గదా, అందుకే నేను జరగలా."